మూడో స్తంభం మీది గాజు పలకలు

మా మేనత్త ఎవరింటికి వెళ్లినా ముందు గోడ తడుతుంది. వాళ్లు కుర్చీ చూపించి కూర్చోమంటారు. ఆవిడ కూర్చోబోతూనే వేళ్ల కణుపులతో పక్క గోడని రెండు చోట్ల కొట్టి, తల కాస్త వాల్చి వింటుంది. "ఇక్కడ ప్లాస్టరు వదిలేసింది. మంచం ఇటు వేయకండి" అంటుంది. ఎవరూ అడగని సలహా. కొందరు నవ్వుతారు, కొందరు మొహం మాడ్చుకుంటారు. మా మామయ్య మాత్రం ముప్ఫై ఏళ్లుగా ఒకటే జోకు వేస్తున్నాడు. "పెళ్లికి ముందు నన్ను కూడా తట్టి చూసింది. లోపల డొల్ల అని తెలిసే చేసుకుంది."

"డొల్లయినా మోస్తావులే అనిపించింది" అంటుంది అత్త, తల ఎత్తకుండా.

ఆవిడ వంతెనలు పరీక్షించే మనిషి. డిప్లమో చదివి ఇరవై రెండో ఏట నగర కార్యాలయంలో వంతెనల విభాగంలో చేరింది. అప్పుడు ఆ విభాగంలో పదకొండు మంది ఉండేవాళ్లు, ఒక నిచ్చెన లారీ ఉండేది. ఒక వంతెన చూడడానికి ఒక రోజు పట్టేది. అత్త నిచ్చెనెక్కి, చిన్న సుత్తితో కాంక్రీటుని జానెడు జానెడు చొప్పున కొట్టుకుంటూ పోయేది. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే పై పొర విడిపోతుంది, అప్పుడు డొల్లగా, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. అలాంటి చోట సుద్దతో గుండ్రంగా గీత గీసి తేదీ వేసేది. చిన్నప్పుడు నేను ఆవిడ భుజాల మీద సుద్దపొడి చూసి, ఈవిడ టీచరు కాబోలు అనుకునేవాణ్ణి.

పగుళ్లకి వేరే పద్ధతి ఉంది. పగులు మీద అడ్డంగా, అరచేతిలో సగం ఉండే పల్చటి గాజు పలకని అతికిస్తారు. పగులు కదలకపోతే పలక ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. వెంట్రుక మందం కదిలినా టప్పున విరుగుతుంది, ఎందుకంటే గాజు సాగదు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఇంత చవకగా, ఇంత నిజం చెప్పే పరికరం మా ల్యాబులో ఒక్కటీ లేదు. ఆ విభాగంలో ఒక కట్టుబాటు ఉండేది: విరిగిన పలకని ఎవరూ తీయకూడదు. దాని పక్కన తేదీ రాసి, ఇంకొంచెం పక్కగా కొత్తది అతికించాలి. అలా ఒక పగులు పక్కన నాలుగైదు విరిగిన పలకలు వరసగా కనిపిస్తే చాలు, ఆ వంతెన సంగతి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగేళ్ల కిందట నగర సభలో లెక్క తీశారు. వంతెనలు కూలడం లేదు కదా, మరి పదకొండు మంది జీతాలు దేనికి అన్నారు. కూలకపోవడానికి కారణం ఆ పదకొండు మందేనని ఎవరికీ తట్టలేదు. తనిఖీని టెండరుకి పెట్టారు. వంతెనకి ఇంత అని రేటు, తక్కువ పాడినవాళ్లకి పని. పని ఒకే చేతి మీద నడుస్తుందని చిన్న చిన్న మరమ్మతులు కూడా అదే కంపెనీకి ఇచ్చారు. విభాగంలో సగం మందిని నీటి పన్నుల వైపు పంపారు, మిగతావాళ్లలో ఎక్కువమంది ముందే రిటైరయ్యారు. కంపెనీకి లైసెన్సు ఉన్న పరీక్షకులు కావాలి కాబట్టి అత్తని తీసుకున్నారు. వాళ్లకి కావలసింది ఆవిడ సంతకం, ఆవిడ సుత్తి కాదు.

వంతెన దగ్గర గంట నిలబడినా రోజంతా నిలబడినా కంపెనీకి వచ్చే రేటు ఒకటే. అందుకని మూడు నెలలకోసారి నలభై ఏడు వంతెనలు, ఆరు రోజుల్లో. రోజుకి ఎనిమిది. దిగడం, చెప్పిన చోట్ల నిలబడి ఫొటోలు తీయడం, ఫోనులో ఫారం నింపడం, మళ్లీ బండెక్కడం. నిచ్చెన లారీ ఎక్కడో కార్యాలయం వెనక గాలిపోయిన టైర్ల మీద కూర్చుంది. అత్త సుత్తిని సంచిలో వేసుకునే వెళ్లేది. అందినంత మేర కొట్టేది. డ్రైవరు హారను కొట్టేవాడు.

"మేడమ్, ఇంకా అయిదున్నాయి."

"ఉండు నాయనా, ఇది ఏదో చెబుతోంది."

"అది చెబితే మీరు వింటారు, మేనేజరు చెబితే నేను వినాలి. ఎక్కండి."

పోయిన తనిఖీలో, మా ఇంటికీ మా పాప బడికీ మధ్య ఉన్న కాలువ వంతెన కింద, మూడో స్తంభం దగ్గర అత్త ఆగింది. మనిషి ఎత్తుకి కాస్త పైన, వంతెనని మోసే స్తంభం తలకట్టు మీద పాత పగులు ఉంది. దాని మీద నాలుగు గాజు పలకలు, నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. అదే ఆవిడకి నచ్చలేదు. పైన పావురాలు. ఆ స్తంభం మీద అంగుళం మేర తెల్లటి రెట్ట గట్టుకట్టి ఉంది. గాజు మీద మాత్రం ఒక్క చుక్క లేదు. మొహం దగ్గరగా పెట్టి చూస్తే జిగురు వాసన ఇంకా పోలేదు.

కాలువ గట్టు మీద మరమ్మతుల మేస్త్రీ టీ తాగుతున్నాడు. పిలిచింది.

"ఇవి ఎప్పుడు పెట్టావు?"

"నిన్ననేనమ్మా. మీరొస్తున్నారని."

"పాతవి ఏమయ్యాయి?"

"పగిలిపోయాయి. ఇక్కడివి ప్రతిసారీ పగిలే ఉంటాయమ్మా. కంపెనీవాళ్లు చవక గాజు కొంటున్నారు. నేను చెబుతూనే ఉన్నాను, కాస్త మంచి రకం కొనండయ్యా అని."

"పోయినసారి కూడా పగిలాయా?"

"పోయినసారీ, అంతకుముందూ. ఊడ్చి పారేసి కొత్తవి పెడతాను. మీకు ఒక్కసారైనా పగిలింది కనిపించిందా చెప్పండి?" అన్నాడు మేస్త్రీ, పని శుభ్రంగా చేసిన మనిషి గర్వంతో.

అత్త ఆ మట్టిలోనే కూర్చుండిపోయింది. నాలుగేళ్లుగా ఆ ఫారంలో "గాజు పలకలు సరిగా ఉన్నాయా?" అన్న ప్రశ్నకి "ఉన్నాయి" అని టిక్కు పెట్టింది తనే. నాకు ఆ సంగతి చెప్పినప్పుడు మేస్త్రీని ఒక్క మాట అనలేదు. "వాడు వాడి పని చేశాడురా. నేనే నా పని చేయలేదు" అంది.

ఇది ఎలా జరిగిందో చెబితే నవ్వొస్తుంది, తరవాత ఒళ్లు మండుతుంది. కంపెనీ పలకల్ని పట్టించుకోకుండా వదిలేస్తుందేమోనని కార్యాలయంవాళ్లు ఫారంలో ఆ ప్రశ్న పెట్టారు. ఫొటోలో పలక విరిగి కనిపిస్తే బిల్లు వెనక్కి వస్తుంది. మరమ్మతుల జాబితాలో పధ్నాలుగో పని "విరిగిన గాజు పలకలు మార్చుట", పలకకి ఇంత. కాబట్టి తనిఖీకి ముందు రోజు మేస్త్రీ వెళ్లి మారుస్తాడు, మర్నాడు పరీక్షకులు వెళ్లి బాగున్నాయని రాస్తారు. జ్వరం వచ్చినప్పుడల్లా థర్మామీటరు పగలగొట్టి కొత్తది కొంటూ, మా ఇంట్లో థర్మామీటర్లన్నీ మంచి స్థితిలో ఉన్నాయి అని చెప్పుకున్నట్టు. ఎవరూ లంచం తినలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు. నాకు కడుపు రగిలిపోయేది ఇక్కడే. దొంగ ఉంటే పట్టుకోవచ్చు.

అత్త "పలకలు తరచుగా విరుగుతున్నాయి, భారీ బండ్లు ఆపాలి" అని రాసింది. కంపెనీ మేనేజరు పిలిపించాడు. ఆ సంభాషణని అత్త మా వంటింట్లో నిలబడి, ఆయన గొంతుతో సహా వినిపించింది.

"మేడమ్, మీరు చూసిన రోజున పలక విరిగి ఉందా?"

"లేదు."

"మరి విరిగిందని ఎలా రాస్తారు? చూడనిది రాస్తే తప్పుడు రిపోర్టు అవుతుంది. మీ లైసెన్సుకే ప్రమాదం. మీ మంచికే చెబుతున్నాను."

"మేస్త్రీ చూశాడు కదండీ."

"మేస్త్రీకి లైసెన్సు లేదు కదా మేడమ్."

మా ఆవిడ గరిటె పట్టుకునే నవ్వింది. నవ్వి, హఠాత్తుగా ఆపేసి నా వైపు చూసింది. మా పాపకి నాలుగేళ్లు. రోజూ ఉదయం ఎనిమిదింటికి బడి వ్యానులో ఆ వంతెన దాటుతుంది. రెండేళ్ల కిందట అవతలి రోడ్డు తవ్వినప్పటి నుంచి క్వారీ లారీలు కూడా అటే పోతున్నాయి. వ్యాను ముందొక లారీ, వెనకొక లారీ.

మర్నాడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పాపని వ్యాను మాన్పించి, నా స్కూటరు మీద చుట్టుదారిలో దింపడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజుల తరవాత అత్తకి తెలిసింది.

"నీ పిల్లని ఆపుకున్నావు. బాగానే ఉంది. పక్క సీట్లో కూర్చునే పిల్ల ఎవరిది రా?"

"నేనేం చేయగలను అత్తా? రుజువేది? విరిగిన పలకలు చెత్తలో పోయాయి."

"చెత్తలో పోయినవాటికి డబ్బులు ఎవరిచ్చారు?" అంది అత్త.

ఆ మాటతో నాకు వెలిగింది. పలకకి ఇంత అని బిల్లు పెట్టారు కదా. ఏ తనిఖీకి ఎన్ని మార్చారో కంపెనీయే రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి కార్యాలయానికి ఇచ్చింది. పగులు ఎన్నిసార్లు కదిలిందో చెప్పే కాగితం కార్యాలయం బీరువాలోనే ఉంది. దాన్ని ఖర్చు కింద చదివారు తప్ప కబురు కింద చదవలేదు.

రికార్డుల గదిలో ఫీజు కడితే ఎవరికైనా బిల్లుల నకళ్లు ఇస్తారు. అక్కడి గుమాస్తా కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని చూశాడు.

"గాజు పలకల బిల్లా? అయిదు కోట్ల రోడ్డు బిల్లు అడిగేవాళ్లని చూశాను గానీ..."

"మాకు చిన్న కోరికలేనండీ" అంది అత్త.

ఆ కాగితాలు మా భోజనాల బల్ల మీద పరిచి చూశాం. కాలువ వంతెన, మూడో స్తంభం, నాలుగు పలకలు. మొదటి ఏడాది నాలుగు తనిఖీల్లో మార్చినవి మొత్తం ఒకటి. రెండో ఏడాది మూడు. మూడో ఏడాది ఏడు. ఈ ఏడాది ఇప్పటికి మూడు తనిఖీలయ్యాయి, పన్నెండింట్లో పదకొండు. గ్రాఫు గీయాల్సిన అవసరం కూడా లేదు. అయినా గీశాను, ఎందుకంటే కొందరికి గీత కనిపిస్తే తప్ప నమ్మకం కుదరదు. ఆ గీత ఏటేటా ఇంకాస్త నిటారుగా పైకి లేచింది.

ఆ గీతని తీసుకుని ఇద్దరం వంతెనల ఇంజనీరు దగ్గరికి వెళ్లాం. పదకొండు మంది కూర్చున్న విభాగంలో ఇప్పుడు ఆయనొక్కడే, చుట్టూ ఖాళీ బల్లలు. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, గ్రాఫుని శ్రద్ధగా చూశాడు.

"నిజమేనమ్మా. పలకలు చాలా విరుగుతున్నాయి. ఆడిట్‌వాళ్లు కూడా ఇదే అభ్యంతరం పెట్టారు, గాజుకి ఇంత ఖర్చేమిటని. దానికి పరిష్కారం ఆలోచించాం."

అత్త ముందుకి జరిగింది. "ఏం పరిష్కారం?"

"వచ్చే టెండరులో గాజు తీసేసి ప్లాస్టిక్ పెడుతున్నాం. అసలు విరగదు."

నేను నోరు తెరిచేలోగా అత్త నా చెయ్యి నొక్కింది.

"అయ్యా, అది విరగడానికే పెడతాం" అంది మెల్లగా.

"అదేనమ్మా నేనూ అనేది. విరగకూడదు కదా."

బయటికొచ్చాక నేను మెట్ల మీదే అరిచాను. ఏమేమి అన్నానో ఇక్కడ రాయలేను. అత్త అరవలేదు. సంచిలోంచి తన లైసెన్సు పుస్తకం తీసి చివరి పేజీ చూపించింది. చాలా పాత నిబంధన ఒకటుంది: ప్రమాదం ఉందని పరీక్షకులు నమ్మితే ఏ వంతెననైనా అక్కడికక్కడే ఒక రోజు మూయించవచ్చు. ఆ రోజులోగా ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి నిర్ణయం రాయాలి. అనవసరంగా మూయించారని తేలితే లైసెన్సు రద్దు. ముప్ఫై ఏళ్లలో అత్త దాన్ని ఒక్కసారీ వాడలేదు. కంపెనీకి వచ్చాక ఎవరూ వాడలేదు, ఎందుకంటే మూసిన రోజుకి జరిమానా కంపెనీ మీద పడుతుంది.

"లైసెన్సు పోతే?" అన్నాను.

"పోతే మీ మామయ్యని తడుతూ కూర్చుంటాను."

మర్నాడు ఉదయం ఆరున్నరకి అత్త ట్రాఫిక్ కానిస్టేబులుకి ఆ పేజీ చూపించి, రెండు వైపులా ఎర్ర రిబ్బను కట్టించింది. నేను ఒక కొస పట్టుకున్నాను. ఏడున్నరకల్లా హారన్లు మిన్నంటాయి. ఒక లారీ డ్రైవరు కిందికి దిగి అత్త ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా, ఈ వంతెన మీ పుట్టింటివాళ్లు కట్టించారా?"

"వాళ్లు కట్టించి ఉంటే నీకంటే ముందు నేనే తిట్టుకునేదాన్ని. వెనక్కి తిప్పు."

మా పాప బడి వ్యాను కూడా వచ్చి ఆగింది. అందులోంచి దిగిన ఒక తల్లి నన్ను గుర్తుపట్టింది. "మీ పిల్ల నాలుగు రోజులుగా వ్యానులో రావడం లేదు. మీకు ముందే తెలుసన్నమాట" అంది. నా మీద కోపంగా ఉన్నా ఆవిడ తన పిల్లని దింపుకుని, రిబ్బను రెండో కొస పట్టుకుని నిలబడింది.

మేనేజరు ఫోను మీద ఫోను చేశాడు. అత్త ఎత్తలేదు. ఇంజనీరు మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు, ఎండలో చెమటలు కక్కుతూ. అందరం గట్టు దిగి మూడో స్తంభం దగ్గరికి వెళ్లాం. వారం కిందట పెట్టిన నాలుగు పలకల్లో రెండు అప్పటికే నిలువునా విరిగి ఉన్నాయి. అత్త సుత్తి తీసి పగులు పక్కన కొట్టింది. ఖాళీ డబ్బా చప్పుడు. ఇంకో మూర పక్కన కొట్టింది. అదే చప్పుడు.

"పాత పగులే కదమ్మా" అన్నాడు ఇంజనీరు. "ఒక్క రోజు మూస్తేనే ఊరంతా గోల. ఒక పని చేద్దాం. లోడు లారీని ఒకదాన్ని నెమ్మదిగా పంపి చూద్దాం. ఏమీ కాకపోతే తెరిచేద్దాం."

"సరేనండీ. మీరూ నేనూ ఇక్కడే, దీని కిందే నిలబడి చూద్దాం."

ఆయన తలెత్తి పైకి చూశాడు. వంతెన మొదట్లో రాయి నింపుకున్న లారీ ఇంజను ఆపకుండా ఎదురుచూస్తోంది. ఆ గుర్రు కింద దాకా వినిపిస్తోంది.

"కింద నిలబడడం అవసరం లేదు" అన్నాడు.

"ఎందుకు లేదు? మీరు బాగుందనేగా అంటున్నారు."

"అది కాదమ్మా. లోడు పరీక్ష జరిగేటప్పుడు కింద మనుషులు ఉండకూడదు. భద్రతా నిబంధన ఉంది."

"మరి పైన వ్యానులో ఉండే పిల్లలకి ఏ నిబంధన ఉంది?"

అత్త గొంతు పెంచడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఇంజనీరు రెండడుగులు వెనక్కి వేసి స్తంభం నీడలోంచి ఎండలోకి నడిచాడు. ఎండలోకి వచ్చాక, తను వెనక్కి నడిచిన సంగతి అప్పుడే తనకి తెలిసినట్టుంది. ఆయన మొహం మారింది. అత్త అక్కడే, పగులు కింద నిలబడి ఉంది. అరనిమిషం తరవాత ఆయన ఫైలు తెరిచి మోకాలి మీద పెట్టుకుని రాశాడు: వంతెన కింద ఉక్కు ఆధారాలు నిలబెట్టేదాకా అన్ని బండ్లకీ మూసివేత, నడిచేవాళ్లకి మాత్రమే అనుమతి.

ఆధారాలు పెట్టడానికి వచ్చినవాళ్లు ఆ తలకట్టు మీద పొర ఊడగొట్టారు. లోపల బొటనవేలంత ఉండాల్సిన కడ్డీలు తుప్పు తినేసి అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఒకదాన్ని మేస్త్రీ చేత్తో విరిచి చూపించాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చవక గాజు అనుకున్నానమ్మా" అన్నాడు.

అత్త లైసెన్సు పోలేదు. ఉద్యోగం పోయింది. తనిఖీల లక్ష్యం అందుకోలేదని కంపెనీ రాసింది. అందుకోలేదన్నది నిజమే, ఆ వారం ఆవిడ చూసింది ఒకే ఒక్క వంతెన. నగర సభ నివేదికలో "ఇంజనీరు ముందుచూపుతో" వంతెన మూశారని ఉంది. కొత్త టెండరు ఖరారైన ప్రకటన వచ్చింది. నేను పధ్నాలుగో పని దగ్గరికి వెళ్లి చదివాను. గాజు లేదు. "విరగని పారదర్శక ప్లాస్టిక్ పలకలు" అని ఉంది. తక్కువ పాడింది మళ్లీ ఆ కంపెనీయే. నేను ఆ పేపరుని ఉండచుట్టి గోడకి కొట్టాను. పాప భయపడి వాళ్లమ్మ వెనక దాక్కుంది.

అత్త ఆ ఉండ విప్పి, బల్ల మీద పెట్టి అరచేత్తో సాపుచేసి, టెండరు ఎప్పటి నుంచి అమలో చూసింది.

"ఇంకా రెండు నెలలుంది. తరవాత ఏ పలకా విరగదు. ఆలోగా గాజు బిల్లులన్నీ తీసేసుకోవాలి. పద" అంది.

రికార్డుల గదిలో గుమాస్తా మమ్మల్ని చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మళ్లీ వచ్చారా అమ్మా? ఈసారి ఏ వంతెన?"

"మిగతా నలభై ఆరూ. ఒకటో నంబరు నుంచి వరసగా ఇవ్వండి" అంటూ అత్త కౌంటరు ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది.